కవిటి సంబంధం: ఆలస్యంగా నేర్చుకున్న పాఠాలు

ముప్పై నాలుగేళ్లు శ్రీకాకుళం జిల్లాలో బడిపంతులుగా పనిచేశాను. పెళ్లీడు పిల్లలున్న మా జిల్లావాళ్లు చదువుతారని ఇవి రాస్తున్నాను.

1. ఊరి పేరు విని మనిషిని తేల్చేయకూడదు. మా చెల్లెలి కూతురికి ఉద్దానంలోని కవిటి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఇంటికి పెద్దవాణ్నని నన్నడిగారు. "ఉద్దానమా? కిడ్నీ జబ్బుల ఊళ్లు. వద్దు" అనేశాను. అంతే, ఇంక ఎవరూ మాట్లాడలేదు. పిల్లాణ్ని చూడలేదు, వాళ్ల గడప తొక్కలేదు. ఆ అబ్బాయి పేరేమిటో ఇప్పుడు నాకు తెలీదు. అప్పుడైనా అడిగానో లేదో!

2. తెలియని జబ్బుకి మనం కారణాలు కట్టకూడదు. 2019 ఎన్నికల డ్యూటీకి నన్ను కవిటి మండలంలోనే ఒక ఊరికి వేశారు. ఇంటి నుంచి సంచి నిండా నీళ్ల సీసాలు మోసుకెళ్లాను. బడి పక్కింటి ముసలమ్మ అది చూసి, "ఏటి బావూ, మా నీళ్లు తాగరేటి? పోన్లే, బొండాం కొట్టిస్తాను, అదైనా తాగు" అంది. గొంతులో కోపం లేదు. అందరూ అలాగే చేస్తారని ఆమెకు తెలుసు. ఆ బొండాం కూడా ఆ నేల నీళ్లే తాగి పెరిగిందని నాకు తట్టేసరికి సగం తాగేశాను.

సాయంత్రం కొడుకు సంగతి చెప్పింది. వారానికి రెండుసార్లు డయాలసిస్. "తాగుబోతనుకుంటారు బావూ. నా కొడుకు ఏనాడూ సారా ముట్టలేదు." నేనూ అలా అనుకున్నవాళ్లలో ఒకణ్నే. తల దించుకున్నాను.

తర్వాత దొరికిందల్లా చదివాను. షుగరు, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా ఈ జబ్బు వస్తోంది. నీళ్లలో ఉన్నవి, పురుగుమందులు, ఒళ్లునొప్పుల బిళ్లలు, ఎండలో చెమటోడ్చి చాలినన్ని నీళ్లు తాగకపోవడం, ఇలా ఎన్నో అనుమానాల మీద పరిశోధనలు జరిగాయి. ఇదొక్కటే కారణమని ఏదీ తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. ఇన్ని దేశాల డాక్టర్లు తేల్చలేనిదాన్ని నేను మా వసారాలో కూర్చుని తేల్చేశాను.

3. మన మాట ప్రాణం మీదికి తెస్తుంది. ఈ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండా లోలోపలే ముదురుతుంది. తొందరగా పరీక్ష చేయించుకుంటే కొన్నేళ్లు కాపాడుకోవచ్చు. కానీ పేరు బయటపడితే ఇంట్లో ఆడపిల్లకు పెళ్లి కాదని పరీక్షకే వెళ్లనివాళ్లున్నారు. వాళ్లను ఆపింది మనమే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. నీళ్లు గొట్టాల్లో వస్తాయి, ఆసుపత్రి సిమెంటుతో లేస్తుంది. పోయిన పరువును తెచ్చిపెట్టే పథకం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు.

4. భయపడొద్దని నేననను. పిల్లనిచ్చేవాళ్ల భయం నిజమైనదే. క్రియాటినిన్ పరీక్ష చేయించమని అడగండి, మీ పిల్లకూ చేయించండి. పరీక్ష చేయించాల్సింది మనిషికి, మండలానికి కాదు.

5. అదే తూనిక మన మీదికీ వస్తుంది. హైదరాబాదులో మా అబ్బాయి ఉండే అపార్టుమెంటు లిఫ్టులో నా మాట విని ఒకాయన, "వాచ్‌మన్ వాళ్ల చుట్టమా?" అన్నాడు. వాచ్‌మన్ చుట్టం కావడం తక్కువేమీ కాదు. అతనిదీ మా రణస్థలమే, కష్టపడి బతుకుతున్నాడు. కానీ మా యాస వినగానే మా బతుకులు రెండూ ఆయనకు తెలిసిపోయాయి! సినిమాల్లో మన మాట మాట్లాడేవాడు పనివాడో వెర్రివాడో అయితే ఇంకెలా ఉంటుంది? ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే కవిటి అబ్బాయే గుర్తొచ్చాడు.

6. చూడాలంటే కొండెక్కాలి. మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మేష్టారు. సవరలంటే అడవి మనుషులని చుట్టూ అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆయన వాళ్ల భాష నేర్చుకున్నారు, ఆ కొండల్లో తిరిగారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు, వాళ్ల పిల్లలకు బళ్లు పెట్టారు. మలేరియా పట్టుకుంటే మింగిన క్వినైనుతో చెవుడు వచ్చింది. సవరల మాట వినడానికి వెళ్లి వినికిడి పోగొట్టుకున్న మనిషాయన. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా ఏటా బళ్లో నేనే జరిపించాను. దండ వేశాను, ఉపన్యాసమిచ్చాను. కవిటిలో ఆ అబ్బాయి ఇంటి దాకా మాత్రం వెళ్లలేకపోయాను.

మీ ఇంటికి కవిటి నుంచో కంచిలి నుంచో సంబంధం వస్తే, ఔననకముందు, కాదనకముందు ఒకసారి వెళ్లి రండి. సోంపేట స్టేషన్లో దిగితే ఆటోలుంటాయి. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ పిల్లాడి పేరు అడగండి.