పత్తిచేను నుండి పరిశోధనాలయానికి

బళ్ళారి, రాయచూరు, కర్నూలు ప్రాంతాల్లో విత్తన పత్తి పండించేవారికి ‘క్రాసింగ్’ అనే మాట కొత్త కాదు. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గుర్తించి, బొటనవేలి గోటితో అడుగున గీసి, ఆకర్షణపత్రాలనూ కేసరాలనూ ఒలిచివేస్తారు. కీలాగ్రానికి దెబ్బ తగలకూడదు. ఉదయాన్నే వేరొక రకం పువ్వులోని పుప్పొడిని ఆ కీలాగ్రానికి అద్దుతారు. (బడిలో ఉండవలసిన పిల్లలను ఈ పనికి దించిన చేలూ ఉన్నాయి. అది తగని పని.)

ఈ పనే విశ్వవిద్యాలయంలో పరిశోధన ఎలా అవుతుంది? రైతు విత్తనం కోసం చేస్తాడు. పరిశోధకుడు ఒక ప్రశ్నకు జవాబు కోసం చేస్తాడు. తల్లి మొక్క ఏది, తండ్రి మొక్క ఏది, పిల్ల మొక్కల్లో ఎన్నింటికి పొడవు పింజ వచ్చింది, ఎన్నింటికి తెగులు సోకింది అన్నీ రాసి పెడతాడు. ఆకు నుండి డిఎన్ఎ తీసి, ఆ లక్షణానికి కారణమైన జన్యువు ఏ క్రోమోసోముపై ఉందో వెదుకుతాడు. ఎండలో గడిపే రోజులు అద్దాల గదిలో గడిపే రోజులకు తీసిపోవు.

ధార్వాడలో డాక్టర్ బి.హెచ్. కటార్కి ‘లక్ష్మి’ అనే పత్తి రకాన్ని మరొక జాతికి చెందిన పొడవు పింజ పత్తితో సంకరం చేసి, 1972లో ‘వరలక్ష్మి’ని అందించారు. రెండు వేర్వేరు జాతుల కలయికతో పుట్టి రైతుల చేలకు చేరిన మొదటి సంకర పత్తి అదే.

ఇటువంటి చోట చేరాలంటే పన్నెండో తరగతిలో భౌతిక, రసాయనశాస్త్రాలతో పాటు జీవశాస్త్రం చదవాలి. తరువాత నాలుగేళ్ళ బి.ఎస్‌సి. వ్యవసాయం, రెండేళ్ళ ఎం.ఎస్‌సి., ఆపైన పిహెచ్.డి. వృక్షశాస్త్రం చదివినవారికీ దారి ఉంది. ధార్వాడ, బెంగుళూరు, కోయంబత్తూరు, భువనేశ్వర్, రాహురి, గుంటూరు, హైదరాబాదులలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలున్నాయి. ఖర్చుకు భయపడేవారు ఒక సంగతి గమనించాలి. జాతీయ అర్హత పరీక్షలో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయల భృతి నిర్ణయించారు.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి అక్కడ చోటుంటుందా? వ్యవసాయ డిగ్రీలో కొన్ని సీట్లను 2023 నుండి సియుఇటి అనే జాతీయ పరీక్ష ద్వారా నింపుతున్నారు. దానిని తెలుగులోనూ రాయవచ్చు. అయితే కళాశాలలో పాఠాలు, పరిశోధన పత్రాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఈ మాట దాచడం మంచిది కాదు. కీలాగ్రం అంటే ఏమిటో పువ్వును విప్పి చూసినవారికి దాని ఇంగ్లీషు పేరు నేర్వడం ఒక పూట పని. అందుచేత ఇప్పటి నుండే రెండు పేర్లనూ పక్కపక్కన రాసుకోండి.

డిగ్రీలో ఉండగానే వేసవి సెలవుల్లో పరిశోధనాలయంలో పని నేర్చుకొంటామని ఆచార్యులకు ఉత్తరం రాయవచ్చు. అందులో పొగడ్తలు అక్కరలేదు. వారి పరిశోధన పత్రం ఒకటి చదివి, అందులో మీకు కలిగిన సందేహాన్ని రాయండి. ఏ నెలలో రాగలరో, ఎన్ని వారాలు ఉండగలరో చెప్పండి.

అభ్యాసం
1. సాయంత్రమే మొగ్గలోని కేసరాలను ఎందుకు తొలగిస్తారు?
2. రైతు చేసే సంకరానికీ పరిశోధకుడు చేసే సంకరానికీ భేదమేమిటి?
3. మీ ఊరి చేలో ఒక పువ్వును పరిశీలించి, దాని భాగాల పేర్లను తెలుగులోనూ మీ రాష్ట్ర భాషలోనూ రాయండి.