మెలితే ద్వీపవాసుల రెండు తీర్పులు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 28:1–6
కూడ చదువవలసినవి: దానియేలు 1:8–16, యోహాను 9:1–34, సామెతలు 18:17, 1 థెస్సలొనీకయులకు 5:21



వానలు పడి పొలము పనులు మొదలైనప్పుడెల్ల మన గ్రామములలో పాముకాటు మాట వినబడును. వెంటనే నలుగురు చేరి నాలుగు మాటలు చెప్పుదురు. “మా బావను త్రాచు కరచినది. పొరుగూరి పెద్దాయన మంత్రము వేసి పసరు పోసెను. తెల్లవారుసరికి లేచి కూర్చుండెను. నేను కన్నులార చూచితిని” అని ఒకరందురు. ఆసుపత్రికి తీసికొనిపొండని నర్సమ్మ చెప్పు మాట ఆ సందడిలో ఎవరి చెవికిని ఎక్కదు.

మన సంఘములలోను ఇట్టి మాట వేరొక రూపమున వచ్చుచుండును. “నేను సూది వేయించుకొనలేదు, ప్రార్థన చేసితిమి, బాగైనది, మీకును సూది అక్కరలేదు” అని కొందరు కూటములో సాక్ష్యము చెప్పుదురు. చెప్పువారు అబద్ధికులు కారు. అయినను ఆ ఒక్క మాటను నమ్మి మన బిడ్డ ప్రాణమును దానిమీద పెట్టవచ్చునా? నేటి పాఠములో ఈ ప్రశ్నను ఆలోచింతము.

1. ఒకే సంఘటన, రెండు తీర్పులు

ఓడ బద్దలై పౌలును అతనితోనున్నవారును మెలితే ద్వీపమునకు చేరిరి. వాన కురియుచుండెను, చలి వేయుచుండెను. పౌలు పుల్లలు ఏరి మంటమీద వేయగా, ఆ వేడికి ఒక సర్పము బయటికి వచ్చి అతని చేతిని పట్టెను. ద్వీపవాసులు చూచి, ఇతడు నరహంతకుడు, సముద్రమునుండి తప్పించుకొనినను న్యాయము వీనిని విడువలేదని తీర్పు చెప్పిరి. అతడు వాచిపోవునని, పడి చచ్చునని చాల సేపు కనిపెట్టిరి. ఏమియు కాకపోయెను. అంతట వారు మాట మార్చి, ఇతడొక దేవుడని చెప్పసాగిరి.

ఇక్కడ బాగుగా గమనించుడి. వారు చూచినది నిజము. పాము పట్టినది నిజము, పౌలుకు హాని కలుగకపోవుట నిజము. కాని వారి మొదటి తీర్పు తప్పు, రెండవ తీర్పును తప్పే. పౌలు హంతకుడై శిక్ష పొందుచున్నవాడు కాడు, దేవుడును కాడు. దేవునిచేత కాపాడబడిన సేవకుడు. కన్ను చూచినది ఒకటి, దానికి కారణమిదియని మనస్సు తేల్చినది వేరొకటి. మంచివారు సహితము ఈ రెంటిని కలిపివేసి, “నేను చూచితిని” అని చెప్పుదురు. బావ లేచి కూర్చుండుట కన్నులు చూచినవి. మంత్రమువలననే లేచెనన్నది ఏ కన్నును చూడలేదు.

2. సాక్ష్యము చెప్పుటకు రానివారు

అట్లయిన మంత్రము వేయించుకొనినవారిలో అంతమంది ఎట్లు బ్రదుకుచున్నారు? దీనికి కారణములు గలవు. మన పొలములలో తిరుగు పాములలో ఎక్కువ జాతులకు మనుష్యుని చంపు విషము లేదు. మన దేశములో ఎక్కువ ప్రాణములు తీయునవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఇవి కరచినను కొన్ని మారులు విషము దింపక విడిచిపెట్టును. అట్టివానికి మంత్రము వేసినను బ్రదుకును, వేయకున్నను బ్రదుకును.

ఒక మంత్రగానియొద్దకు పదిమంది వచ్చిరనుకొందము. వారిలో ఏడుగురికి విషము ఎక్కనేలేదు. ఆ ఏడుగురును కోడిపుంజును క్రొత్త పంచెను తెచ్చి అతనికి సమర్పించి, జీవితాంతము అతని పేరు చెప్పుదురు. ముగ్గురు చనిపోవుదురు. వారి విషయమై “ఆలస్యముగా తెచ్చిరి, ఆయువు తీరినది” అని చెప్పి ఊరు ఊరకుండును. చనిపోయినవాడు సాక్ష్యము చెప్పుటకు లేచి రాడు గదా! మనము విన్నది ఏడుగురి మాటయే. వ్యాజ్యెములో మొదట మాటలాడినవాడు నీతిమంతుడుగా కనబడునని, ఎదుటివాడు వచ్చి అడిగినప్పుడే సంగతి బయటపడునని జ్ఞాని నేర్పుచున్నాడు (సామెతలు 18:17). ఇక్కడ ఎదుటి పక్షమువారు సమాధులలో నున్నారు.

అమెరికా దేశములో టెన్నెస్సీ ప్రాంతమున జార్జి హెన్స్‌లీ అను బోధకుడు సుమారు 1910నుండి మార్కు 16:18ని ఆధారము చేసికొని, ఆరాధనలో విషసర్పములను చేత పట్టుకొనుట నేర్పెను. ఎన్నో మారులు కాటు తినియు బ్రదికితినని అతడు సాక్ష్యము చెప్పుచుండెను. అది విని అనేకులు అతని వెంబడించిరి. 1955లో ఫ్లోరిడాలో ఒక కూటమున పాము కరవగా, అతడు వైద్యము నిరాకరించి మరణించెను. పౌలు పామును వెదకి పట్టుకొనలేదు. పట్టిన పామును విదిలించివేసెను. ప్రభువును శోధింపకూడదని మన రక్షకుడే సాతానునకు ఉత్తరమిచ్చెను (లూకా 4:12).

3. మృతులనుగూర్చియు అడిగినవారు

అట్లయిన రానివారి సాక్ష్యమును తెచ్చుట ఎట్లు? మన దేశములోనే ఇట్టి పని జరిగినది. 2001నుండి 2003వరకు జరిగిన సుమారు 1,23,000 మరణములనుగూర్చి, శిక్షణ పొందినవారు ఇంటింటికి వెళ్లి, “మీ ఇంట చనిపోయినవారు ఎట్లు చనిపోయిరి?” అని కుటుంబములను అడిగి వ్రాసికొనిరి. ఆ వ్రాతను ఇద్దరు వైద్యులు వేరువేరుగా చదివి మరణ కారణమును నిర్ణయించిరి. 562 మరణములు పాముకాటువలన కలిగినవని తేలెను. వాటిలో 544 గ్రామములలోనే. ఆసుపత్రిలో చనిపోయినవారు నాలుగవ వంతుకంటె తక్కువ. ఈ లెక్కనుబట్టి 2005లో దేశమంతట సుమారు 46,000 మంది, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా సుమారు 6,200 మంది పాముకాటున చనిపోయిరని 2011లో ప్రకటించిరి.

చూచితిరా? ఈ శాస్త్రపు లెక్కయు మనుష్యుల సాక్ష్యముతోనే కట్టబడినది. విధవరాలి మాట, తండ్రి మాట అందులో ఉన్నవి. భేదమేమనగా, బ్రదికినవారినే కాక చనిపోయినవారినిగూర్చియు అడిగిరి. ఒక్కని తీర్పుతో సరిపెట్టుకొనక ఇద్దరిచేత తూచిరి. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడవలెనని ధర్మశాస్త్రము చెప్పలేదా? (ద్వితీయోపదేశకాండము 19:15). శాస్త్రము సాక్ష్యమునకు శత్రువు కాదు. అది అనేక సాక్ష్యములను చేర్చి, సరిపోల్చి తూచుటయే.

సరిపోల్చుట దానియేలును ఎరిగిన పనియే. పది దినములు మాకు శాకధాన్యములును నీళ్లును ఇచ్చి, రాజు భోజనము తినువారి ముఖములతో మా ముఖములను పోల్చి చూడుమని అతడు వేడుకొనెను. పాము విషమునకు విరుగుడు మందును ఈలాగే పరీక్షింతురు. విషము ఎక్కిన ఎలుకలలో విరుగుడు పొందినవి ఎన్ని బ్రదికినవి, పొందనివి ఎన్ని బ్రదికినవి అని లెక్కించి, ఆ మందు బలమును నిశ్చయింతురు. ఆ లెక్కలో చచ్చినవియు చేరును.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఊరకే ఊహించి సూది వేయరు. రోగి రక్తము కొంచెము శుభ్రమైన పొడి గాజుగొట్టములో తీసి, ఇరువది నిమిషములు కదపక ఉంచుదురు. అది గడ్డకట్టకపోయిన పింజర విషము ఎక్కినదని గ్రహింతురు. కనురెప్పలు వాలుచున్నవా, ఊపిరి తగ్గుచున్నదా అని కనిపెట్టుదురు. నాగుపాము, కట్లపాము విషమునకు అవి గురుతులు. విషము ఎక్కినదని తెలిసినప్పుడే విరుగుడు ఎక్కింతురు.

కాబట్టి ఇంటిలో ఈ మాటలు నేర్పుడి. కాటును కోయవద్దు, నోటితో పీల్చవద్దు, త్రాడుతో బిగించి కట్టవద్దు, పసరు పోయవద్దు. ఉంగరములు, గాజులు, మెట్టెలు తీసివేయుడి. కాటుపడిన కాలినిగాని చేతినిగాని కదలనీయక, నడిపింపక మోసికొని ఆసుపత్రికి చేర్చుడి. 108కి ఫోను చేయుడి. దారి పొడుగున ప్రార్థించుడి.

4. గ్రుడ్డివాడు చెప్పిన సాక్ష్యము

అయితే మన సాక్ష్యములకు విలువ లేదా? ఉన్నది. పుట్టు గ్రుడ్డివాడు చూపు పొందినప్పుడు పరిసయ్యులు అతనిని గద్దించి అడిగిరి. యేసు పాపియా కాడా అని వారు నిలదీయగా, అది తనకు తెలియదనియు, తాను గ్రుడ్డివాడై యుండి ఇప్పుడు చూచుచున్నానన్న ఒక్కటి మాత్రము తెలియుననియు అతడు ఉత్తరమిచ్చెను. ఎరిగినది ధైర్యముగా చెప్పెను. ఎరుగనిది ఎరుగనని ఒప్పుకొనెను. లోకమందలి గ్రుడ్డివారందరు కన్నులకు బురద పూసికొనవలెనని అతడు బోధింపలేదు.

మన సాక్ష్యమును అట్లే ఉండనిండి. “ప్రభువు నన్ను క్షమించెను, నా త్రాగుడు మాన్పెను, ఆపదలో నాకు తోడుగా ఉండెను” అని ధారాళముగా చెప్పుడి. అందుకు మీరే సాక్షులు. “నేను మందు మానితిని, మీరును మానుడి” అని చెప్పవద్దు. ఆ మాట విని ఒక తల్లి తన బిడ్డను ఆసుపత్రికి కొనిపోక ఇంట ఉంచిన, ఆ బిడ్డనుగూర్చి మనము లెక్క ఒప్పచెప్పవలసియుండును. సమస్తమును పరీక్షించుడని చెప్పిన అపొస్తలునితో ప్రయాణము చేసిన లూకా వైద్యుడు. పౌలును పాము పట్టిన సంగతి వ్రాసినవాడు అతడే. అతని ప్రార్థనకు వైద్యము అడ్డురాలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ద్వీపవాసులు చూచినదేమి? తేల్చినదేమి?
2. మన ఊరిలో ఏ మందునుగూర్చి, ఏ మంత్రమునుగూర్చి బ్రదికినవారి మాటయే వినుచున్నాము?
3. గతములో పాముకాటున చనిపోయినవారిని మొదట ఎక్కడికి తీసికొనిపోయిరి? ఇంటివారిని ప్రేమతో అడుగుడి.
4. మన ఊరికి దగ్గరగా విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏది? సంఘ పెద్దలు ఈ నెలలోనే కనుగొని మందిరములో తెలియజేయుదురు గాక.

ప్రార్థన

సత్యవంతుడవగు తండ్రీ, మేము ఎరిగినదానిని భయపడక చెప్పుటకును, ఎరుగనిదానిని ఎరుగమని ఒప్పుకొనుటకును మాకు వినయము దయచేయుము. మా మాటవలన ఏ చిన్న బిడ్డకును హాని కలుగకుండ మా నోటిని కాపాడుము. వైద్యుల చేతులను ఆశీర్వదించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.