పెళ్లి వీడియోకి టీవీ ఎందుకు మూగబోయింది?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి హోసూరు, కృష్ణగిరి వైపునుంచి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే తలనొప్పి మీద: కంప్యూటర్‌లో చక్కగా ఆడే వీడియో టీవీకి పంపితే ఆడదు. అందుకే అన్నిటినీ ఒకచోట పెడుతున్నాం.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయి పెళ్లికి స్టూడియోవాళ్లు ఎడిట్ చేసిన వీడియో ఇచ్చారు. మేం అడిగితే కెమెరాలో తీసిన క్లిప్పులు కూడా హార్డ్‌డిస్క్‌లో వేసిచ్చారు. ఎడిట్ చేసింది టీవీలో బాగానే వస్తోంది. క్లిప్పుల్లో కొన్నిటికి బొమ్మ వస్తుంది, నాదస్వరం వినపడదు. కొన్ని అసలు తెరుచుకోవు. అన్నీ ఎంపీ4లే కదా! పాడు ఫైళ్లు అంటగట్టారని మా ఆవిడ అంటోంది. - బాగలూరు రోడ్డు, హోసూరు

జవాబు: స్టూడియోవాళ్ల మీదికి వెళ్లకండి, ఫైళ్లు బాగానే ఉన్నాయి. ఎంపీ4 అన్నది పెట్టె పేరు మాత్రమే. మామిడి పెట్టె మీద కృష్ణగిరి అని ఉంటే లోపల తోతాపురో సేందూరమో తెలియదు కదా, ఇదీ అంతే. లోపల బొమ్మని ఒక కోడెక్‌తో, శబ్దాన్ని ఇంకో కోడెక్‌తో కుదించి ఉంచుతారు. టీవీలో వీటిని విప్పే చిప్‌కి వచ్చినవి కొన్నే. కంప్యూటర్‌లో వీఎల్‌సీ లాంటి ప్లేయర్ ఈ పనిని సాఫ్ట్‌వేర్‌తో చేస్తుంది కాబట్టి దాదాపు దేన్నయినా ఆడిస్తుంది.

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఒక మూగ క్లిప్పు, ఒక తెరుచుకోని క్లిప్పు పెట్టి చూడండి. ఇప్పుడు పెళ్లిళ్లలో వాడే మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావాటిలో శబ్దం పీసీఎం రూపంలో, అంటే కుదించకుండా, రికార్డవుతుంది. ఎంపీ4 పెట్టెలో పీసీఎం కనపడితే చాలా టీవీలు నోరు మూసుకుంటాయి. మీ నాదస్వరం పోయింది అక్కడే. ఇక తెరుచుకోనివాటిలో బొమ్మ వివరాల దగ్గర హెచ్.264 పక్కన 10 బిట్, 4:2:2 అని ఉంటుందని నా అంచనా. రంగులు సరిదిద్దుకోవడానికి వీలుగా ఎడిటర్ల కోసం పెట్టిన పద్ధతి అది. టీవీ చిప్‌లు హెచ్.264లో 8 బిట్, 4:2:0 దాకానే చూస్తాయి. ఎడిట్ చేసిన వీడియోని స్టూడియోవాళ్లు ఆ మామూలు పద్ధతిలోకి మార్చి ఇచ్చారు కాబట్టే అది ఆడుతోంది.

మూగ క్లిప్పులకి బొమ్మని ముట్టుకోవద్దు. అవిడెమక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో వీడియో దగ్గర కాపీ, ఆడియో దగ్గర ఏఏసీ, పెట్టె దగ్గర ఎంపీ4 ఎంచుకుని సేవ్ చేయండి. బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, పని నిమిషాల్లో తేలుతుంది. చాలామంది ఇది తెలియక మొత్తం వీడియోని మళ్లీ కన్వర్ట్ చేస్తూ రాత్రంతా లాప్‌టాప్‌ని మరగబెడతారు. తెరుచుకోనివాటికి మాత్రం పూర్తి మార్పిడి తప్పదు. అందుకు హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాం వాడండి. ఫాస్ట్ 1080పి30 అన్న తయారు సెట్టింగు చాలు. క్లిప్పులన్నీ క్యూలో పెట్టి పడుకోండి.

అసలు క్లిప్పుల్ని మాత్రం చెరపొద్దు. రేపు ఎవరైనా మళ్లీ ఎడిట్ చేయాలంటే అవే కావాలి. 4కె క్లిప్పు సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డయితే గంటకి 45 జీబీ అవుతుంది, కాబట్టి ఇంకో హార్డ్‌డిస్క్ కొనడం తప్పదేమో.

ఇంతలో ఆదివారం వియ్యాలవారు వస్తున్నారంటే ఇదంతా పక్కనపెట్టి లాప్‌టాప్‌కీ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించండి. విప్పే పని లాప్‌టాప్ చేస్తుంది, టీవీ చూపించి ఊరుకుంటుంది. వైఫై మోజులో జనం దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ నాకు తెలిసి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు.

ప్రశ్న: అన్నా, ప్లస్ టూలో సర్కారు ఇచ్చిన లాప్‌టాప్‌లో జెల్లీఫిన్ పెట్టాను. టీవీలో కొన్ని వీడియోలు బ్రహ్మాండంగా వస్తాయి, కొన్ని పది సెకన్లకోసారి ఆగి గిర్రున తిరుగుతాయి. రౌటర్ మార్చాలా? - కాలేజీ విద్యార్థి, కృష్ణగిరి

జవాబు: తొందరపడి రౌటర్ కొనకు తమ్ముడూ. జెల్లీఫిన్ లాంటి సర్వర్ టీవీకి వచ్చిన ఫైలుని ఉన్నదున్నట్టు పంపుతుంది. రానిదాన్ని అప్పటికప్పుడు మార్చి పంపుతుంది, దాన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. ఈ రెండోదానికి ప్రాసెసర్‌లో సత్తువ కావాలి. తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టిన ఆ పథకం లాప్‌టాప్‌లు చదువుకి పనికొచ్చాయి, హెచ్ఈవీసీ అనే కోడెక్‌లో ఉన్న 4కె వీడియోని ఆడుతూ ఆడుతూ మార్చమంటే వాటివల్ల కాదు. వీడియో నడుస్తుండగా ప్లేబ్యాక్ సమాచారం తెరిచి చూడు. డైరెక్ట్ ప్లే అని ఉండి ఆగుతుంటే తప్పు వైఫైది. ట్రాన్స్‌కోడింగ్ అని ఉంటే తప్పు లాప్‌టాప్‌ది. అలాంటి ఫైళ్లని రాత్రి ముందే హెచ్.264లోకి మార్చి పెట్టుకుంటే తెల్లారి ఏ బాధా ఉండదు.

వైఫైదే తప్పయితే లాప్‌టాప్‌నీ టీవీనీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చు. టీవీకి లాన్ వైరు వేస్తే ఇంకా వేగం అనుకుంటాం గానీ, చాలా టీవీల్లో ఆ పోర్టు 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. బరువైన 4కె ఫైలుకి మంచి వైఫైయే నయం. టీవీకి సర్వర్ అసలు కనపడకపోతే విండోస్‌లో నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందేమో చూసి ప్రైవేట్ చెయ్యి. లాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్ మీద, టీవీ ఇంటి వైఫై మీద ఉన్నా కనపడదు.

ప్రశ్న: మా నాన్నగారు వేషం కట్టిన వీధినాటకం వీసీడీలు, డీవీడీ ఉన్నాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించాను. టీవీ ఆ డాట్ ఫైళ్లని గుర్తించడం లేదు. - డెంకణికోట దగ్గరి పల్లె

జవాబు: వీసీడీలోని డాట్ ఫైలు లోపల ఉండేది ఎంపెగ్-1. కాపీ ఒకటి తీసి, దాని పేరు చివర ఎంపీజీ అని మార్చి చూడండి, కొన్ని టీవీలకి అంతే చాలు. కుదరకపోతే వీఎల్‌సీలోని కన్వర్ట్‌తో ఎంపీ4 చేయండి. బొమ్మ 352 గుణించు 288 చుక్కలే కాబట్టి పెద్ద టీవీలో మసకగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌తో పదును పెంచబోతే ముఖాలు మైనం పూసినట్టు తయారవుతాయి, వద్దు.

డీవీడీ విషయంలో ఒక జాగ్రత్త. అందులో ప్రతి ఫ్రేమూ సాధారణంగా సరి గీతలు, బేసి గీతలుగా విడివిడిగా ఉంటుంది. అలాగే మారిస్తే నాన్నగారు చెయ్యి విసిరినప్పుడల్లా అంచుల్లో అడ్డగీతలు లేస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే పోతాయి. డిస్కులకి వయసైపోతోంది, చదవగలిగినప్పుడే రెండుచోట్ల కాపీ పెట్టుకోండి.

ప్రశ్న: మా కోడలు తమిళ పిల్ల. తెలుగు సినిమాకి తమిళ సబ్‌టైటిల్ ఫైలు పెడితే టీవీలో చతురస్రాలు వస్తున్నాయి. - మత్తిగిరి

జవాబు: ఆ ఎస్ఆర్‌టీ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్షరాలు సరిగ్గా కనపడితే యూటీఎఫ్-8గా సేవ్ చేసి, సినిమా ఫైలుకున్న పేరే దీనికీ పెట్టండి. అయినా డబ్బాలే వస్తే మీ టీవీ ప్లేయర్‌లో తమిళ ఫాంటు లేదన్నమాట. అప్పుడు హ్యాండ్‌బ్రేక్‌లో ఆ ఫైలుని చేర్చి బర్న్ ఇన్ అన్నచోట టిక్ పెడితే అక్షరాలు బొమ్మలోనే కలిసిపోతాయి. తర్వాత తీసేయడం కుదరదు, కాబట్టి సబ్‌టైటిల్స్ లేని కాపీ ఒకటి మీకోసం ఉంచుకోండి.