‘వెరీ మచ్’కు చోటెక్కడ?

‘ఐ లైక్ వెరీ మచ్ దిస్ జాబ్.’ ఇందులో ఏ ఒక్క పదానికీ వంక పెట్టలేం. అయినా ఇంటర్వ్యూ బోర్డు చెవికి తేడా కొడుతుంది. ‘ఐ లైక్ దిస్ జాబ్ వెరీ మచ్’ అనాలి. ఇంగ్లిష్‌లో వెర్బ్‌కూ ఆబ్జెక్ట్‌కూ మధ్య యాడ్వెర్బ్‌ను దూర్చకూడదు. ఆబ్జెక్ట్ బాగా పొడుగైతేనో, చివర్లో చెప్పుకునే ‘ఓన్లీ’ లాంటి పదమైతేనో తప్ప ఈ నియమానికి సడలింపు లేదు.

మనం ఎందుకు దూరుస్తాం? ‘నేను ఇంగ్లిష్ బాగా మాట్లాడతాను’ అన్నప్పుడు ‘బాగా’ క్రియను అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ అలవాటుతోనే ‘ఐ స్పీక్ వెల్ ఇంగ్లిష్’ అనేస్తాం.

మిగతా వరుసా అంతే. ‘నిరుడు హైదరాబాద్‌లో కష్టపడి చదివాను’ అంటాం: కాలం, చోటు, తీరు. ఇంగ్లిష్‌లో ఇది సరిగ్గా తిరగబడుతుంది: ‘ఐ స్టడీడ్ హార్డ్ ఇన్ హైదరాబాద్ లాస్ట్ ఇయర్.’ నొక్కి చెప్పాలంటే ‘లాస్ట్ ఇయర్’ను మొదట్లో పెట్టొచ్చు, తప్పేం లేదు. ‘హార్డ్’కు తోక తగిలించి ‘ఐ హార్డ్లీ స్టడీడ్’ అన్నారో, దాదాపు చదవనే లేదని మీరే ఒప్పుకున్నట్టు!

ఆల్వేస్, ఆఫెన్, నెవర్‌ల సంగతి తేలికే. మామూలు వెర్బ్‌కు ముందు: ‘ఐ ఆల్వేస్ చెక్ మై మెయిల్.’ యామ్, ఈజ్, ఆర్‌ల తర్వాత: ‘ఐ యామ్ ఆల్వేస్ ఆన్ టైమ్.’ హెల్పింగ్ వెర్బ్ ఉంటే దాని వెనకే: ‘ఐ హ్యావ్ నెవర్ మిస్డ్ ఎ డెడ్‌లైన్.’ పోటీ పరీక్షల్లో తప్పు పట్టమనే ప్రశ్నలకు ఇవి బాగా పనికొస్తాయి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. సెల్డమ్, నెవర్ వాక్యం మొదట్లో కనిపిస్తే మరింత జాగ్రత్త. అప్పుడు హెల్పింగ్ వెర్బ్ సబ్జెక్ట్ కంటే ముందుకొస్తుంది: ‘సెల్డమ్ డజ్ హీ కమ్ లేట్.’

అసలు చిక్కంతా ‘ఓన్లీ’తోనే. నిన్ననే, ఇక్కడే, ఆయనే... తెలుగులో ఒక్క ‘ఏ’ చేర్చేస్తే పని జరిగిపోతుంది. ఆ ‘ఏ’ బదులు మనం ప్రతిచోటా ‘ఓన్లీ’ తగిలిస్తాం: ‘యెస్టర్‌డే ఓన్లీ ఐ జాయిన్డ్’, ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’. మన ఆఫీసుల్లో ఇవి చెల్లిపోతున్నాయి గానీ విదేశీ క్లయింట్ కాల్‌లో మాత్రం తికమకే. మొదటిది ‘ఐ జాయిన్డ్ ఓన్లీ యెస్టర్‌డే’. రెండోదానికి ‘ఓన్లీ’ అక్కర్లేదు, ‘ఐ యామ్ రైట్ హియర్’ చాలు.

రెజ్యూమెలో ఇది మరీ ముఖ్యం. ‘ఓన్లీ ఐ హ్యాండిల్డ్ బిల్లింగ్’ అంటే బిల్లింగ్ చూసింది మీరొక్కరే అని. ‘ఐ హ్యాండిల్డ్ ఓన్లీ బిల్లింగ్’ అంటే బిల్లింగ్ తప్ప మరో పని చెయ్యలేదని. ఒకటి గొప్ప చెబుతుంది, రెండోది తగ్గిస్తుంది. మాటల్లో ఇంగ్లిష్‌వాళ్లు ‘ఐ ఓన్లీ హ్యాండిల్డ్ బిల్లింగ్’ అని రెండో అర్థంలోనే వాడతారు. రాతలో, పరీక్షలో మాత్రం ఏ పదాన్ని ఉద్దేశిస్తున్నారో దాని పక్కనే పెట్టండి.

సాధన చేయాలనుకుంటే మీ సెల్ఫ్ ఇంట్రడక్షన్‌ను ఫోన్‌లో రికార్డు చేయండి. విన్నది విన్నట్టు కాగితం మీద రాసి, వెర్బులన్నిటి కిందా గీత గీయండి. గీతకూ ఆబ్జెక్ట్‌కూ మధ్య ‘వెల్’, ‘డైలీ’, ‘వెరీ మచ్’ కనిపిస్తే, వాటిని ఆబ్జెక్ట్ దాటించి మళ్లీ పైకి చదవండి.