కొండకు పోయే లాంచీ, ఇంట్లో తెగని పంచాయితీ

సమస్య

సూర్యాపేటలో ఉండే ఒక గృహిణి పంపిన ఉత్తరం విహారయాత్ర ప్రస్తావనతో మొదలై, ముగ్గురు తోబుట్టువుల మధ్య తెగని పంచాయితీ దగ్గర ఆగింది. డెబ్బయి నాలుగేళ్ల తల్లి ఆమె దగ్గరే ఉంటున్నది. అక్క కోదాడలో, తమ్ముడు మిర్యాలగూడలో స్థిరపడ్డారు. ఆ తల్లి బాల్యం నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్న రోజుల్లో, అక్కడ రాయి కొట్టే పనికి కుదిరిన తండ్రి వెంట, కూలీల గుడిసెల మధ్య గడిచింది. అప్పట్లో ఎడ్లబండి మీద పోయి చూసిన నాగార్జునకొండను, చుట్టూ నీళ్లు చేరి అది ద్వీపమైన తర్వాత ఆమె ఒక్కసారీ చూడలేదు. ఇన్నేళ్లకు ఆ కోరికను పిల్లల ముందు బయటపెట్టింది.

పిల్లలు ముగ్గురూ సరేనన్నారు గాని, మాట కలవలేదు. బడికి పోయే పిల్లలకు సెలవు దొరికేది ఒక్క రోజే కాబట్టి కొండ, ఒడ్డున ఉన్న అనుపు, ఎత్తిపోతల జలపాతం, బుద్ధవనం అన్నీ ఆ రోజే చుట్టి రావాలని అక్క పట్టు. పైగా, ఇంతకుముందు ఆమె కుటుంబం కొండ కోసమే సాగర్ వెళితే, ఎక్కిన లాంచీ జలాశయంలో ఒక చుట్టు తిప్పి మళ్లీ అదే రేవులో దించిందట. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తమ్ముడిది మరో దారి. గోదావరిలో బోటు మునిగిన వార్త చూసినప్పటి నుంచి అతనికి నీటి ప్రయాణమంటే గుండె దడ. ఖర్చులో తన వాటా ఇస్తానని, కొండకు బదులు బుద్ధవనం చూపిస్తే చాలని, అమ్మను నీళ్ల మీదికి తీసుకుపోతే మాత్రం తాను రానని తేల్చి చెప్పాడు. తల్లి మాత్రం కూతురితో అన్నది ఇంతే: "నీళ్లంటే నాకు భయం లేదు బిడ్డా, మెట్లెక్కుడే నాతోని అయితదో కాదో." ఎవరి మనసూ నొప్పించకుండా ఈ యాత్రను ఎలా నడపాలన్నది పాఠకురాలి ప్రశ్న.

సలహా

ఈ ఉత్తరంలో ముగ్గురు పిల్లల అభిప్రాయాలూ విస్తారంగా ఉన్నాయి, తల్లి మాట ఒక్క వాక్యమే ఉంది. అయితే ఆచరణకు పనికివచ్చే సందేహం ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నది. భయం గురించి, రోజు సరిపోవడం గురించి మిగిలినవారు వాదించుకుంటుండగా, ఆమె నేరుగా మోకాళ్ల గురించి అడిగింది. కాబట్టి ప్రణాళిక అక్కడి నుంచే మొదలుకావడం న్యాయం.

నాగార్జునకొండ ఆనకట్టకు సుమారు 11 కిలోమీటర్ల ఎగువన, జలాశయం మధ్య ఉన్న కొండ శిఖరం. లాంచీలో ముప్పావు గంట నుంచి గంట వరకు పడుతుంది. రేవు నుంచి, అంటే లాంచీ ఆగి మనుషులను దించే ఒడ్డు నుంచి, కొండ మీది మ్యూజియం దాకా కొంత ఎక్కుడు నడక ఉంటుంది. అక్కడి నుంచి కట్టడాల మధ్య తిరగడం మరికొంత. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు. వానకాలం వరద చేరి మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు నీరు ఒడ్డుకు దగ్గరగా వస్తుంది, వేసవి నాటికి మట్టం పడిపోతే అదే రేవులో దిగవలసిన, ఎక్కవలసిన ఎత్తు పెరుగుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఈ తేడా చిన్నది కాదు. అందువల్ల వరద తాకిడి తగ్గి, నీరు ఇంకా నిండుగా ఉండి, ఎండ మెత్తబడే కార్తికం నుంచి సంక్రాంతి వరకు గల కాలం ఈ కుటుంబానికి అనువైనది; ఏప్రిల్, మే నెలల ఎండలో ఆ రాళ్ల మీద నడక పెద్దవారికే కాదు, పిల్లలకూ శిక్షే.

వారం ఎంపికలోనూ ఒక చిక్కు ఉన్నది. ద్వీపం మీది మ్యూజియం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నిర్వహణలో ఉన్నది, ఆ శాఖ ప్రదర్శనశాలలకు శుక్రవారం సెలవు. ఆదివారం తెరిచే ఉంటుంది గాని, ఆనకట్ట 26 గేట్లలో కొన్ని ఎత్తారన్న వార్త వచ్చిందంటే హైదరాబాద్ నుంచి వచ్చే కార్లతోనే దారి నిండిపోతుంది. శనివారం గాని, పిల్లల సెలవును బట్టి మరో పనిదినం గాని మేలు.

అక్కగారి కోపానికి కారణమైన లాంచీ సంగతి కొంత వివరంగా చెప్పుకోవలసిందే, ఎందుకంటే ఆ అనుభవం ఆమె ఒక్కరిదే కాదు. జలాశయానికి రెండు ఒడ్డులు, రెండు రాష్ట్రాలు ఉన్నాయి. తెలంగాణ వైపు హిల్ కాలనీ నుంచి, ఆంధ్రప్రదేశ్ వైపు విజయపురి సౌత్ నుంచి, ఆయా పర్యాటక సంస్థల లాంచీలు నడుస్తాయి. ద్వీపం మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా పరిధిలోనిది, చుట్టూ ఉన్నది అభయారణ్యం. కాబట్టి కొండ దగ్గర మనుషులను దించడానికి అనుమతులు అవసరమవుతాయి, అవి లేని కాలంలో లాంచీలు 'జాలీ ట్రిప్' పేరుతో నీటి మీద ఒక చుట్టు తిప్పి తీసుకువస్తాయి. టికెట్టు కొనేవారు "లాంచీ ఉందా" అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది, అది అబద్ధమూ కాదు. అడగవలసిన ప్రశ్న వేరు: ఈ రోజు లాంచీ కొండ దగ్గర దించుతుందా, ఎంతసేపు ఆగుతుంది, తిరిగి వచ్చే చివరి లాంచీ ఎన్నింటికి. తగినంతమంది ప్రయాణికులు చేరకపోయినా, గాలి జోరుగా ఉన్నా ప్రయాణం ఆగిపోవచ్చు గనుక ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ఉదయం మరొకసారి కనుక్కోవాలి. హిల్ కాలనీ నుంచి ఆ రోజు కొండకు లేకపోతే, వంతెన దాటి విజయపురి సౌత్ వైపు వెళ్లవచ్చు.

తమ్ముడి భయాన్ని నవ్వి తోసిపుచ్చడం సరికాదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల వైపు వెళుతున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన మాట నిజం. అయితే అది వరదతో పరుగెత్తే గోదావరి, కొండల మధ్య ఇరుకైన మలుపు. ఇది ఆనకట్ట వెనుక నిలిచిన నీరు. ప్రవాహపు ఉద్ధృతి ఇక్కడ ఉండదు, గాలికి లేచే అలలు ఉంటాయి. ప్రమాదం లేదని దీని అర్థం కాదు, ప్రమాదం రూపం వేరని అర్థం. లైఫ్ జాకెట్టు, అంటే నీటిలో మనిషిని తేల్చి ఉంచే చొక్కా, ఒడ్డు వదలక ముందే ప్రతి ఒక్కరూ తొడుక్కుని పట్టీలు బిగించుకోవాలి. ఫొటో కోసమని పిల్లలందరూ ఒకే పక్కకు చేరకూడదు. పరిమితికి మించి జనం ఎక్కుతున్నట్టు కనిపిస్తే ఆ లాంచీని వదులుకోవాలి. ఈ షరతులు ఒప్పుకొంటే తమ్ముడి అభ్యంతరంలో సగం తీరుతుంది.

ఇక ఒక్క రోజులో అన్నీ చూడాలన్న పట్టు నిలవదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ, అక్కడి నుంచి నిడమనూరు, హాలియా మీదుగా సాగర్ అంటే వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. సూర్యాపేట వారు, కోదాడ వారు ఎవరి దారిన వారు వచ్చి మిర్యాలగూడలో తమ్ముడి ఇంట్లో టిఫిను ముగించి ఒకే బండిలో బయలుదేరితే మధ్యాహ్నంలోపు లాంచీ అందుతుంది. పోను, రాను, కొండ మీద గడిపే సమయం కలిపితే మూడు గంటలకు తక్కువ కాదు, లాంచీ నిండే దాకా నిరీక్షణ అదనం. ఎత్తిపోతలను ఈసారికి మరిచిపోవడమే మంచిది. తిండి సంగతి చెప్పనక్కర లేదు: పులిహోర, పెరుగన్నం, సరిపడా మంచినీళ్లు ఇంటి నుంచే తీసుకుపోవాలి.

కొండ మీద ఏమి చూడాలో ముందే తెలిస్తే నడక తగ్గుతుంది. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజులకు రాజధానిగా ఉన్న విజయపురి ఈ లోయలోనే ఉండేది. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారు; తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వించారు; ఆనకట్ట కడితే లోయ మునగడం ఖాయం కావడంతో (దానికి నెహ్రూ 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేశారు) 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో భారీ తవ్వకాలు సాగాయి. దొరికిన వాటిలో ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని ఒడ్డున ఉన్న అనుపులో తిరిగి నిలబెట్టారు. రాజు శాంతమూలుడి చెల్లెలు శాంతిసిరి కట్టించిన మహాచైత్యం, అంటే బుద్ధుని ధాతువును నిక్షేపించిన స్తూపం, వీటిలో తలమానికం. విజయపురి సౌత్ రేవు నుంచి తిరిగిన లాంచీల్లో ఒకదానికి ఆమె పేరే పెట్టారు. తల్లిని నేరుగా మ్యూజియానికి తీసుకుపోయి, పలనాటి సున్నపురాతి శిల్పాల మధ్య కూర్చోబెట్టి, పిల్లలు మాత్రం స్నానఘట్టం వరకు నడిచి రావచ్చు. ఆమెకు శిల్పాలకన్నా, బండి దిగిన చోటు ఇప్పుడు ఎన్ని అడుగుల నీటి కింద ఉందో చూడాలని ఎక్కువగా ఉండవచ్చు. ఆ నీరే 1967 నుంచి ఎడమ కాలువ గుండా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు పారుతున్నది. ఆమె కూర్చున్న చోట ఆమెను తొందరపెట్టకపోతే చాలు.

లాంచీ నడవని పక్షంలో ప్రత్యామ్నాయం ముందే అనుకుని ఉండాలి. అనుపుకు రోడ్డు మార్గం ఉన్నది, కారు దగ్గరదాకా పోతుంది, తిరిగి కట్టిన రంగస్థలం, హారీతి గుడి అక్కడే ఉన్నాయి. తమ్ముడు చెబుతున్న బుద్ధవనం, 274 ఎకరాల్లో తీర్చిదిద్ది 2022 మే నెలలో ప్రారంభించినది, హిల్ కాలనీ వైపే ఉంది గనుక తిరుగు దారిలో ఓపిక మిగిలితే చూడవచ్చు. అయితే ఆ తల్లి చూడాలన్నది అది కాదన్న సంగతి కొడుకు గ్రహించాలి. ఒక ప్రదేశానికి బదులు మరొకటి చూపడం తన సౌలభ్యమే తప్ప ఆమె కోరిక తీర్చడం కాదు.

ప్రశ్నలో మిగిలింది ఎవరి మనసు ఎలా కాపాడాలన్నది. పాఠకురాలు తీర్పరి స్థానంలో కూర్చోనవసరం లేదు. మెట్ల సంగతి, నడక సంగతి దాచకుండా తల్లికి వివరించి, రేవు దాకా వచ్చి నీటిని చూసిన తర్వాత ఎక్కాలో వద్దో అప్పుడే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఆమెకే వదలాలి. ఆమె వద్దంటే అనుపుకు తీసుకుపోయేందుకు ఒకరు తోడుండాలి, ఆ ఒకరు ఎవరో ముందే తేల్చుకోవాలి. అక్కగారికి కొండ మీద పిల్లల బాధ్యత అప్పగిస్తే, గతసారి చేజారిన దర్శనం ఈసారి తీరుతుంది. లాంచీ స్టేషన్‌కు ముందురోజు చేయవలసిన ఫోను మాత్రం తమ్ముడి చేత చేయించడం మంచిది: కొండ దగ్గర దించుతారా, ఎందరిని ఎక్కించుకుంటారు, పెద్దవాళ్లు ఎక్కడానికి సాయం ఉంటుందా, జాకెట్లు అందరికీ సరిపోతాయా అన్నవి భయపడేవాడే బాగా గుచ్చి గుచ్చి అడుగుతాడు. జవాబులు తృప్తిగా ఉంటే అతను లాంచీ ఎక్కవచ్చు, లేకపోతే అనుపులో తల్లికి తోడుగా ఉండే మనిషి దొరికినట్టే.