జలపాతమునకు నడక - తెలిసికొనవలసిన సంగతులు

వానలు కురిసినంతనే మన కొండలు పచ్చబడును; ఎండిన వాగులలో నీరు పారును. పనుల నడుమ ఒక పూట తీరిక చేసికొని జలపాతమును చూడబోవుట మంచిదే. నడక దేహమునకు బలము, అడవి మనస్సునకు శాంతి. కాని జలపాతముల మడుగులలో మునిగి ప్రాణములు కోల్పోవు వారును కలరు. వారిలో ఈత నేర్చినవారు లేకపోలేదు. కావున నీటి స్వభావమును, కొండ స్వభావమును ముందుగా తెలిసికొని నడువవలెనని మేము కోరుచున్నాము.

రెండు జలపాతములను తీసికొందము. శేషాచల కొండలలోని తలకోన జలపాతము ఎత్తు సుమారు 82 మీటర్లు. సిద్ధేశ్వరస్వామి ఆలయము దాటి, మహావృక్షములను పెనవేసికొనిన గిల్లతీగలను చూచుచు అడవిబాటను నడిచిన అచటికి చేరవచ్చును. ఆదిలాబాదు జిల్లాలో నేరడిగొండ సమీపమున కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తునుండి దుముకుచున్నది. అదియే కుంతాల జలపాతము. అచట వందల మెట్లు దిగవలెను. దిగుట సులభము, అలసిన కాళ్లతో మరల ఎక్కుట కష్టము. కనుక ప్రొద్దు క్రుంకకముందే పైకి చేరునట్లు బయలుదేరవలెను.

మడుగు లోతెందులకు?

కొండరాయి అంతటను ఒకే గట్టితనము కలది కాదు. మెత్తని రాయి త్వరగా కోసికొనిపోవును. గట్టి రాయి అంచుగా నిలుచును. ఆ అంచునుండి పడు నీరు రాళ్లను దొరలించుచు క్రింద గుంతను తొలుచును. అందుచే మడుగులో ఎచట లోతున్నదో, ఎచట బండసందు కలదో ఒడ్డున నిలిచినవారికి కానరాదు. పైనుండి పడు నీరు మనిషిని అడుగునకు నొక్కును. గాలి కలిసిన తెల్లని నురుగునీరు దేహమును తేల్చజాలదు. ఈతగాండ్రు సైతము మునుగుటకు కారణమిదియే. పాచిపట్టిన బండపై కాలుజారుట మరియొక కారణము.

ఎగువ వాన

మన తలపై ఆకాశము నిర్మలముగా నుండవచ్చును. ఎగువ కొండలలో కురిసిన వాన కొంతసేపటికి వరదయై దిగివచ్చును. తేటనీరు ఎర్రబడినను, ఆకులు పుల్లలు కొట్టుకొనివచ్చినను, నీటి హోరు హెచ్చినను, సామానులకై ఆగక వెంటనే ఎత్తైన చోటికి పోవలెను. వాగు ఆవలి ఒడ్డున చిక్కుకొన్నచో, నీరు తగ్గువరకు వేచియుండవలెనే గాని దాట యత్నింపరాదు.

కొండకొమ్మున

మదనపల్లె సమీపమున హార్సిలీ కొండలు కలవు. పూర్వపు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 1,265 మీటర్లు. 19వ శతాబ్దిలో కడప కలెక్టరు హార్సిలీ ఇచట ఇల్లు కట్టించుకొనుటచే ఈ పేరు కలిగెను. ఇచటి గాలిబండపై నిలిచిన లోయ అంతయు కన్నులకు కట్టును. అయితే గుండ్రని బండకు స్పష్టమైన అంచు ఉండదు. అది మెల్లమెల్లగా వాలుచు పోవును; ఎచట కాలు నిలువదో ముందుగా తెలియదు. తడిసిన దినమునను, గాలి వీచునప్పుడును వాలువైపు పోరాదు. కంచె ఉన్నచోట దానిని దాటరాదు.

గ్రామస్థుల బాధ్యత

మడుగు గుణము సమీప గ్రామస్థులకు తెలిసినట్లు ఇతరులకు తెలియదు. లోతైన చోటులను వచ్చినవారికి చూపుట, హెచ్చరిక పలకలు చెదరకుండ కాపాడుట పంచాయతీకిని, యువకులకును తగిన పని. ఎవరైనను మునుగుచుండిన, వెంట దుముకరాదు. గట్టున నిలిచి కర్రనో, త్రాటినో, ముడివేసిన చీరనో అందింపవలెను, 108కి తెలుపవలెను. పశువులకాపరి "నేడు దిగవద్దు" అనినచో ఆ మాటను మన్నింపుడు. జలపాతమును గట్టునుండియు చూడవచ్చును; మనకై ఇంటివద్ద ఎదురుచూచువారు కలరు.