నిద్రలేమి: కారణములు, నివారణ

పరీక్షలు సమీపించగానే మనలో పలువురికి నిద్ర దూరమవుతుంది. దీనికి కారణమేమి? మనము మేల్కొని ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అనే పదార్థము చేరుతూ నిద్రమత్తును కలిగిస్తుంది. చాయ్‌లోను, కాఫీలోను గల కెఫీన్ దాని పనిని అడ్డగిస్తుంది. త్రాగిన కెఫీన్‌లో సగము తొలగిపోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. కావున రాత్రి 9 గంటలకు త్రాగిన చాయ్ ప్రభావము అర్ధరాత్రి దాటినా మనలను విడువదు.

పడకపై గడియారము చూస్తూ "ఇంకా నిద్ర రాలేదే" అని కలతపడే కొలది మనస్సు మరింత మేల్కొంటుంది. అందుచేత సుమారు 20 నిమిషములలో నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చొని, మత్తు కలిగిన పిదపనే తిరిగి పడుకోవాలి. ఎంత ఆలస్యముగా నిద్ర పట్టినా ఉదయము నియమిత వేళకే లేవాలి. ఈ నియమమే రాబోవు రాత్రి నిద్రకు పునాది.

వారమునకు 3 రాత్రుల చొప్పున 3 నెలలు సాగిన నిద్రలేమిని వైద్యులు దీర్ఘకాలికమంటారు. అంతవరకు ఆగక ముందే వైద్యుని సంప్రదించాలి. నిద్రమాత్రలను సొంతముగా వాడరాదు.

చదివినది జ్ఞాపకములో నిలవడానికి నిద్ర తోడ్పడుతుంది. నిద్ర మానుకొని చదవడము విత్తనములు చల్లి నీరు పెట్టక విడిచినట్లే. కావున పరీక్షకు ముందు రాత్రి పుస్తకము సకాలములో మూసివేయడము కూడా మన చదువులో భాగమేనని గ్రహించెదము గాక!